చెరువు కట్ట మీద బొమ్మకు మల్లెపూలు

ఈ రోజు పొద్దున భద్రకాళి చెరువు కట్ట మీది పార్కుకు వెళ్లాను. అక్కడ నీళ్లవైపు చూస్తూ కూర్చున్న ఆడపిల్ల బొమ్మ ఒకటుంది, ఇనుముతో చేసింది. దాని పొడుగు జడ, పోయినేడు జ్వరంతో చనిపోయిన మా బిడ్డ సంధ్య జడలాగే ఉంది. మూర మల్లెలు కొని ఆ జడకు కట్టాను.

వాచ్‌మన్ ఉరికొచ్చాడు.

“పూలు పెట్టకమ్మా! ఇయ్యాల పూలంటరు, రేపు కుంకుమంటరు, ఎల్లుండి హుండీ పెడ్తరు.”

“దేవతకు పెట్టలే కొడుకా, పిల్లకు పెట్టిన.”

అతను మెల్లగా ముడి విప్పి పూలు నా చేతికిచ్చాడు.

ఇంటికి తెచ్చాను. బిడ్డ ఫోటోకు వేయమంటాడు మా ఆయన. ఇన్నాళ్లూ వేయలేదు నేను. వేస్తే పోయిందని నేనూ ఒప్పుకున్నట్టే కదా. మీరైతే వేస్తారా?