తమ్ముడి తల లైటు

మెరెరానీ నీలంరాళ్ల గనుల్లో కానాయెలి పిడికిలి రుచి తెలియనివాడు లేడు. తమ్ముడు సిఫాయెలిని ఎవడైనా దొంగ అంటే చాలు, వాడి పళ్లు వాడి చేతిలోనే పెట్టి పంపేవాడు. సారా కొట్లో ఒకడి దవడ విరగ్గొట్టి జైలుకెళ్లాడు, తిరిగొచ్చిన రోజే ఇంకొకడిది విరగ్గొట్టాడు. ఏం చేస్తాడు మరి! ఇంట్లో తల్లి రోజూ చిన్నకొడుకు పేర ఒక పళ్లెంలో ఉగాలి, మొక్కజొన్న ముద్ద, మూతపెట్టి కూర్చునేది. బతికున్నాడో పోయాడో తెలియని కొడుకు కోసం ఏడవాలో వద్దో ఆ ముసలిదానికి తెలియదు.

అసలు జరిగింది ఇది. గని యజమాని కిమారో బాస్ సొరంగంలో పెద్ద నీలంరాయి తగిలిందని సిఫాయెలి కేకేశాడు. చూడడానికి బాస్ ఒక్కడే అతని దగ్గరికి పాకాడు. సరిగ్గా అప్పుడే పక్క గనివాళ్ల సొరంగం గోడ పొడుచుకుని వచ్చిపడింది. అక్కడ రెండు సొరంగాలు కలిస్తే పలకరింపులుండవు. సుత్తులతో, రాళ్లతో తలలు పగలగొట్టుకోవడమే. కానాయెలి ఎడమ చెవి ఆ చీకట్లోనే తెగిపడింది. ఎవడో డైనమైట్ పేల్చాడు, కొండ కూలింది.

పైకొచ్చినవాళ్లలో సిఫాయెలి లేడు.

"రాయి పట్టుకుని నైరోబీ చెక్కేశాడు వెధవ!" అన్నాడు కిమారో. జీతం లేదు, రాయి దొరికితేనే వాటా. కూలీలకు ఒళ్లు మండిపోయింది. ఆ సాయంత్రమే సిఫాయెలి తల్లి గుడిసెకు నిప్పు పెట్టారు.

ఏళ్లు గడిచాక కిమారో అరూషాలో సొంత మ్యూజియం తెరిచాడు. పాత కూలీలందరికీ పిలావ్, సోడా అన్నాడు. కానాయెలీ వెళ్లాడు. రాయైపోయిన చేపలు, చెట్టు మొద్దులు చూసుకుంటూ చివరి అద్దాల పెట్టె దగ్గరికొచ్చాడు.

"ఇదీ మా బాస్ స్వయంగా తవ్విన నీలం, పెద్దాయనా. ఈ లైటు తలకు కట్టుకునే తవ్వారు" అంది చూపించే పిల్ల.

సైకిల్ ట్యూబు ముక్కతో కట్టిన లైటు. తమ్ముడి తల చిన్నది, జారిపోతోందంటే ట్యూబు లోపల అమ్మ ఒంటికి చుట్టుకునే ఎర్ర కంగా గుడ్డ ముక్క పెట్టి కుట్టింది కానాయెలే. ఆ వంకర కుట్టు అలాగే ఉంది. గుడ్డ మీద నెత్తురు నల్లగా అట్టకట్టింది. ట్యూబును కత్తితో కోశారు.

"మీ బాస్ తల గుమ్మడికాయంత ఉంటుంది కదమ్మా. ఇది ఎలా పట్టిందీ?"

ఆ పిల్ల నవ్వింది. కానాయెలి గోడకు తగిలించిన సుత్తి లాగి అద్దం బద్దలుకొట్టి లోపల చెయ్యి పెట్టాడు. కాపలావాళ్లు కర్రలతో విరుచుకుపడ్డారు. పక్కటెముకలు విరిగాయి, బూట్లతో వేళ్లు తొక్కారు, అయినా పిడికిలి విప్పలేదు.

"రాయి! ముందు రాయి లాక్కోండ్రా!" అరిచాడు కిమారో.

"నీ రాయి అక్కడే ఏడ్చింది, చూసుకో. నేను మా తమ్ముణ్ని తీసుకెళ్తున్నా."

అతను లైటు పట్టుకున్న చెయ్యి పైకెత్తాడు. కూలీలు పళ్లేలు కింద పెట్టారు.

"ఇది సిఫాయెలిదే. నా పక్కనే తవ్వేవాడు" అన్నాడొకడు. "బాస్, రాయి నైరోబీ పోయిందన్నావుగా?"

కూలీలంతా కిమారో చుట్టూ చేరారు. కాపలావాళ్లు మెల్లగా జారుకున్నారు. కానాయెలి కుంటుకుంటూ బయటికొచ్చాక వెనక ఎవరో తలుపు గడియ పెట్టారు. ఆ తర్వాత వినిపించిన కేకలకు అతను వెనక్కి తిరగలేదు.

ఇంట్లో తల్లి ఒళ్లో లైటు పెట్టాడు. ఆమె ఆ ఎర్రగుడ్డను చాలాసేపు వేళ్లతో తడిమింది. మూతపెట్టిన పళ్లెం పక్కకు జరిపింది.

"ఇక ఏడవొచ్చా, నాయనా?" అంది.