గీకేసిన పద్దెనిమిది అతుకులు

నింఫా కోపం గురించి మా ఊరు మానెయాదెరోలో అందరికీ తెలుసు. ఎందుకొచ్చిందో మాత్రం ఒక్కొక్కరు ఒక్కోలా చెబుతారు. నేను ఆమె నోటనే మూడుసార్లు విన్నాను. మూడుసార్లూ కూర్చుని మొదలుపెట్టి, సగంలో లేచి నిలబడింది.

వాళ్ళ నాన్న ఎలెయుతేరియో టింకరింగు మేస్త్రి. గుద్దుకున్న కార్ల సొట్టలు తీసి, లప్పం పెట్టి, రంగు కొట్టడం ముప్పయ్యేళ్ళుగా ఆయన పని. ఆయన బాగుచేసిన తలుపు మీద చెయ్యి పెట్టి నిమిరితే, అది ఎక్కడ చిరిగిందో గుద్దినవాడు కూడా చెప్పలేడు. అతుకు కనపడిందంటే పని సగంలో వదిలేసి మేస్త్రి అన్నానికి పోయాడని అర్థం, అనేవాడు.

నింఫా పక్కనున్న రేవుపట్నం ఎన్సెనాదాలో ఓడలు కట్టే యార్డులో వెల్డరు. అక్కడ లెక్క తిరగబడుతుంది. పడవ అడుగున అతుకు కనపడాలి. నాణేలు పక్కపక్కన వాలిపోయినట్టు, వరసగా, ఎత్తుగా గట్టు కట్టి నిలబడాలి. పరీక్ష చేసేవాడు ఆ గట్టు చూశాకే సంతకం పెడతాడు. గట్టు గీకేశారంటే లోపలి బొక్కలు కప్పెట్టారని అనుమానం. గీకే వెల్డరుకి ఏ యార్డులోనూ పని దొరకదు.

ఈ ఇద్దరూ కలిసి ఎడారి పందేనికి కారు కట్టారు. మా ఊరి వెనక కొండల్లోంచి ఏటా ఆ పందెం పోతుంది. ఆ దుమ్ము తింటూ పెరగని పిల్ల మా దగ్గర లేదు. పదకొండేళ్ళప్పుడు తండ్రి భుజం పట్టుకుని చూస్తూ, "నాన్నా, మనమూ ఒకటి కడదామా?" అని అడిగిందట నింఫా. పదిహేనేళ్ళు పట్టింది మొదలుపెట్టడానికి. తరవాత రెండేళ్ళ ఆదివారాలు దానికే పోయాయి. ఆయన ఇనుప గొట్టాలు వంచేవాడు. ఆమె వాటి కొసల్ని చేపనోరులా కోసి, ఒకదాని మీద ఒకటి కూర్చోబెట్టి అతికేది. అలా గొట్టాల పంజరం తయారైంది. దాని వెనక పాత బీటిల్ కారు ఇంజను కూర్చుంది. పందెం వాళ్ళ కాగితంలో 'వెల్డింగు చేసినవారు' అన్నచోట తన పేరు పూర్తిగా రాసింది నింఫా.

పందేనికి మూడు వారాల ముందు, ఒక శనివారం, బేస్‌బాల్ మైదానంలో బండ్ల తనిఖీ. దానికి ముందు పది రోజులు ఆమెకి యార్డులో ఊపిరాడని పని. రంగు సంగతి నేను చూసుకుంటాలే అన్నాడు తండ్రి. కారుని నేరుగా మైదానానికే తెచ్చాడు. నీలం రంగులో అద్దంలా మెరుస్తోంది. చూడగానే నింఫా మురిసిపోయింది. ఆ మాట చెప్పేటప్పుడే ఆమెకి అందరికంటే తన మీదే ఎక్కువ కోపం వస్తుంది.

తనిఖీ చేసే అబుందియో పెద్దాయన బొటనవేలితో ఒక అతుకు మీద రుద్దాడు. మళ్ళీ రుద్దాడు.

"గట్టు ఏదమ్మా?"

నింఫా వంగి చూసింది. బయటికి కనపడే పద్దెనిమిది అతుకులు నున్నగా గీకేసి ఉన్నాయి. పైన లప్పం, దానిపైన నీలం.

"కారు పల్టీ కొడితే నీ తలకాయకి ఈ పంజరమే దిక్కు. గీకి కప్పెట్టిన అతుకుని నేను నమ్మను. వెల్డింగు ఎవరు చేశారు?"

"నేనే."

"మరి గీకింది?"

ఆమె తండ్రి వైపు చూసింది. ఆయన టైరు వైపు చూస్తున్నాడు. పెద్దాయన కాగితంలో ఆమె పేరు పక్కనే 'పనికిరాదు' అని రాశాడు.

యార్డులో పనిచేసే చేమో, చేప చుట్టిన టాకో రొట్టె నములుతూ వెనకనించి అరిచాడు: "ఓడలూ ఇలాగే అతుకుతున్నావా అమ్మాయ్? అయితే నేను రేపణ్ణించి ఈత నేర్చుకోవాలి!"

సోమవారానికల్లా మాట యార్డు చేరింది. ఆ నెలలో ఆమె చేసిన పనంతా ఫోర్‌మాన్ మళ్ళీ పరీక్ష చేయించాడు. రెండు రోజులు, అందరి ముందూ. ఒక్క తప్పూ దొరకలేదు. దొరకలేదని మాత్రం ఎవరూ పైకి అనలేదు.

ఆ మంగళవారం సాయంత్రం షెడ్డులో తండ్రిని నిలదీసింది. తల్లి రొసావ్రా బీన్స్ గిన్నెతో గుమ్మంలోనే ఆగిపోయింది. "ముందు తినండి. తరవాత చంపుకుందురుగాని."

"ఎందుకు చేశావ్ నాన్నా?"

"నీ కోసమే తల్లీ. స్పేర్ పార్ట్స్ కొట్లో ఆ చేమోగాడు అన్నాడు, నీ అతుకులు గొంగళిపురుగులు పాకినట్టున్నాయని. నలుగుర్లో నవ్వులపాలవుతావని..."

"ఇప్పుడు అవ్వలేదా?"

"అందంగా ఉంటుందనుకున్నా."

"అందమా? గుద్దింది కనపడకుండా దాచడం నీ పని. గుద్దినా చావకుండా చూడ్డం నా పని. రెండూ ఒకటేనా?" గొంతు పెంచింది. "సరే, గీకావ్. పెద్దాయన అడిగినప్పుడు నోరెందుకు పెగల్లేదు?"

"ముప్పయ్యేళ్ళ పేరు. అంతమందిలో ఎలా చెప్పమంటావ్?"

"నీకు పేరుంది. నాకు లేదా?"

అప్పుడు ఆయనకీ కోపం వచ్చింది. "రెండేళ్ళు నా చేతుల్తో వంచానే ఆ గొట్టాలు! అది లెక్కలోకి రాదా?"

"వంచావ్. ఆ చేతుల్తోనే గీకావ్."

రొసావ్రా గిన్నె కింద పెట్టి మొగుడితో అంది: "పెళ్ళికి ముందు నీ ముక్కు మీద మచ్చ ఉండేది. దానిక్కూడా లప్పం పెట్టుకున్నావా ఏం?"

ఎవరూ నవ్వలేదు.

మర్నాటినించీ నింఫా పొద్దున యార్డు, మధ్యాహ్నం షెడ్డు. అతుకులు గీకిన గ్రైండరు తీసుకెళ్ళి తల్లికి అప్పగించింది. తనకి కావలసినప్పుడు అడిగి తీసుకునేది, పని అవగానే తిరిగి ఇచ్చేసేది. ఆ పద్దెనిమిది చోట్లా గొట్టాలు కోసి పారేసి, కొత్తవి వేసి అతికింది. తండ్రి పని గొట్టం కదలకుండా పట్టుకోవడం, అంతే. "పట్టుకో", "వదులు" తప్ప ఇంకో మాట లేదు. ఒకరోజు ఆయన ఏదో ధ్యాసలో అప్పుడే అతికిన గట్టు మీద బొటనవేలు పెట్టి చటుక్కున లాక్కున్నాడు.

"కాలిందా?"

"ఊఁ."

"మంచిది."

రెండో తనిఖీ పందేనికి రెండు రోజుల ముందు. కారుకి రంగు లేదు. నూనె పూసిన ఉత్త ఇనుము. అబుందియో టార్చి వేసి ప్రతి అతుకూ చూశాడు. గట్లు వరసగా, చెయ్యి తిరిగినట్టు నిలబడి ఉన్నాయి.

"ఇది వేరే ఎవరిదో చెయ్యిలా ఉందే?"

"అదే చెయ్యి," అంది నింఫా.

పెద్దాయన నమ్మీ నమ్మనట్టు కాగితం తీశాడు. అప్పుడు ఎలెయుతేరియో టోపీ తీసి, చొక్కా గుండీలతో మాట్లాడుతున్నట్టు గొణిగాడు. "పోయినసారి గీకింది నేనండీ. మా అమ్మాయి వెల్డింగు బాగానే ఉంది. నేనే పాడుచేశా."

"వినపడలేదు," అంది నింఫా.

"గీకింది నేనే అంటున్నా గదమ్మా."

"నాకు కాదు. అటు తిరుగు. యార్డు వాళ్ళు అక్కడున్నారు."

ఆయన తిరిగాడు. చేమో ఉన్నాడు, ఫోర్‌మాన్ ఉన్నాడు, ఆయన చేత కార్లు బాగుచేయించుకున్న సగం ఊరు ఉంది. టోపీ రెండు చేతుల్లో నలిగిపోతోంది. ఈసారి గట్టిగా చెప్పాడు. పెద్దాయన కాగితంలో 'పనికిరాదు' కొట్టేశాడు. చేమో నమలడం ఆపేశాడు.

"ఫోర్‌మాన్ చివర్లో నిలబడ్డాడు నాన్నా," అంది నింఫా. "ఇంకోసారి చెప్పు."

చెప్పాడు.