మళ్లీ కట్టాలంటే ఎంత?

మాది బుక్కరాయసముద్రం. చినుకు కోసం మొక్కుకునే సీమలో వానకు భయపడి ఇంటికి ఇన్సూరెన్స్ చేయిస్తానంటే జనం నవ్వరా? నవ్వారు. కానీ మొన్నటి వానలకు పక్కింటి మిద్దె బండ విరిగి వంటింట్లో పడింది. మాదీ అలాంటి ఇల్లే, రాతి గోడలు, పైన బండలు. అది కూలితే మాకు వేరే నీడ లేదు. చేతులు కాలాక ఆకులు పట్టుకోవడం మా వంశంలోనే ఉంది. ఈసారికి ముందే పట్టుకుందామని ఏజెంటును పిలిచాను.

అతను వరండాలో కూర్చుని, ఇల్లు ఎంత చేస్తుందని నన్ను అడిగాడు. రోడ్డు వెడల్పు చేశాక పెరిగిన ధర కాస్త గర్వంగానే చెప్పాను.

"అది స్థలం ధర సార్. స్థలం యాడికీ పోదు. ఇల్లు పడిపోతే మళ్లీ కట్టేదానికి ఎంతయితాదో చెప్పండి. తక్కువ రాసుకుంటే వచ్చేదీ తక్కువే."

కట్టించింది మా నాయన. పక్కనే మంచం మీద కూర్చుని విత్తనానికి శెనక్కాయలు ఒలుస్తున్నాడు. ఆయన్నే అడిగాం.

"దానికి ఖర్చేముందప్పా? రాయి గుట్టది, మట్టి చెరువుది. తలుపులకూ దూలాలకూ దుడ్లు పెట్టినాను, అంతే," అంటూ ఒక అంకె చెప్పాడు.

ఆయన చెప్పిన మొత్తానికి ఇప్పుడు బాత్‌రూమ్ కూడా లేవదు. అప్పట్లో ఇల్లు కట్టుకునేవాడు కూలి ఇచ్చేవాడు కాదు. వేసవిలో సేద్యం లేనప్పుడు తోటి రైతులు వచ్చి పనిచేసేవాళ్లు. వాళ్లు కట్టుకునేటప్పుడు మనం పోయి చేయాలి. మధ్యాహ్నం సంగటి పెడితే చాలు.

నిజం చెప్పాలంటే నాకూ ఆ చిన్న అంకె నచ్చింది. ప్రీమియం తక్కువ పడుతుంది. పిసినారి అనుకున్నా ఫరవాలేదు. "అదే రాసెయ్యండి" అన్నాను.

ఏజెంటు రాయలేదు.

"పెద్దాయనా, పై బండలు ఎంతమంది ఎత్తినారు?"

"ఎనిమిది మందిమి. ఒక్కో బండకూ ఎనిమిది మందీ పట్టాల."

"ఇప్పుడు పిలిస్తే వస్తారా?"

"ఎందుకు రారు? వాళ్ల ఇండ్లకు నేను పోలేదా?" అంటూ నాయన వేళ్లు మడవడం మొదలుపెట్టాడు. "మా చిన్నాయన... పోయినాడు. ఆయన తమ్ముడూ పోయినాడు. మా బావ ఉండాడు, మోకాళ్లు పట్టుకుపోయి మంచం దిగడు..."

ఆరో మనిషి దగ్గర గొంతు తగ్గింది. ఏడో వేలు మడవడంతో లెక్క అయిపోయింది. బండ ఎత్తగలిగినవాడు ఒక్కడూ మిగల్లేదు. ఆ చిన్న అంకె నచ్చినందుకు నాకు సిగ్గేసింది.

నాయన ఏజెంటు వైపు తిరిగాడు.

"కూలి కూడా రాసుకోప్పా. ఈ కాలంలో ఎంత ఉంటే అంత రాయి."

"ఏడుగురికేనా పెద్దాయనా?"

నాయన ఒడిలోని పొట్టు దులుపుకున్నాడు.

"ఎనిమిది మందికీ రాయి. నేనూ ఎత్తలేను."