గోడవైపు తిరిగిన కుర్చీ

కత్తెర బాబాయ్ షాపులో కుర్చీ వీధికి వీపు పెట్టి ఉండేది. ఎదురుగా గోడకు నిలువెత్తు అద్దం. పొద్దుటి వెలుతురు గుమ్మంలోంచి వచ్చి అద్దానికి తగిలి, కూర్చున్నవాడి మొహం మీదికి తిరిగొచ్చేది. ఆ వెలుతురులో ఆయన చెవి వెనక వెంట్రుకను కూడా వదిలేవాడు కాదు. ఆ ఏర్పాటు వాళ్ల నాన్నది. పోత ఇనుప కుర్చీని నాలుగు బోల్టులతో నేలకు బిగించి, కత్తితో పాటు కొడుక్కి అప్పగించి పోయాడు. ముప్పై ఎనిమిదేళ్లుగా కొడుకు దాన్ని అంగుళం కదపలేదు.

ఆ వీధి చివర ఒక పాత వంతెన ఉంది. దాన్ని చూడ్డానికి ఎక్కడెక్కడి వాళ్లో వస్తారు. వాళ్లలో ఎవరో ఒకరు తిరిగి వెళ్తూ బాబాయ్ షాపును ఫొటో తీసి నెట్‌లో పెట్టారు. మచ్చలు పడ్డ అద్దం, ఇనుప కుర్చీ, తెల్లగుడ్డ కప్పుకున్న మనిషి. అది మొదలు, వంతెనకు వచ్చిన ప్రతివాళ్లూ ఆ గుమ్మం ముందు ఆగడమే.

బాబాయ్ మొదట్లో మురిసిపోయాడు. ఎవరైనా కెమెరా చూపించి కనుబొమలు ఎగరేస్తే, "తీసుకోండి, తీసుకోండి" అని చెయ్యి ఊపేవాడు. ఫొటో బాగా పడాలని కత్తి గాల్లో ఆపి కాసేపు బొమ్మలా నిలబడేవాడు కూడా. పక్క టీకొట్టు ఆయన బావమరిదిది. ఫొటోలయ్యాక జనం టీకి అక్కడికే వెళ్లేవాళ్లు.

"నీ అద్దం చలవ బావా, రెండో స్టవ్ కొన్నాను" అనేవాడు బావమరిది.

వారానికి రెండుసార్లు పోస్టుమాస్టారు గడ్డానికి వచ్చేవాడు. రిటైరై పదమూడేళ్లయినా ఊరికి ఆయన పోస్టుమాస్టారే. చేతులు వణుకుతాయి, సొంతంగా గీసుకోలేడు. కుర్చీ ఎక్కగానే కట్టుడు పళ్లు తీసి స్టీలు గ్లాసులో వేసేవాడు. తల వెనక్కి వాలిస్తే అవి జారి గొంతులో పడతాయని ఆయన భయం. లోపలికి పోయిన బుగ్గలను బాబాయ్ రెండు వేళ్లతో లాగి పట్టుకుని గీసేవాడు. పళ్లు లేని మాస్టారి మొహం లోకంలో ఇద్దరికే తెలుసు. ఆయన భార్య పోయాక, బాబాయ్ ఒక్కడికే.

ఒకరోజు మాస్టారు కళ్లు మూసుకుని కుర్చీలో వాలి ఉండగా గుమ్మంలో ఒకాయన కెమెరా ఎత్తి చూపించాడు. బాబాయ్ అలవాటుగా తలూపాడు. నెల తిరిగేసరికి ఆ ఫొటో చేతులు మారి మారి మాస్టారి మనవరాలి ఫోన్‌కు వచ్చింది. నురగ మధ్య బోసినోరు తెరుచుకుని, అద్దం నిండా మాస్టారే. ఇంటిల్లిపాదీ నవ్వారు. కోడలి తరఫు వాళ్లు కూడా నవ్వారట.

మాస్టారు రావడం మానేశాడు.

మూడు వారాలు చూసి బాబాయ్ సామాను పెట్టె పట్టుకుని ఆయన ఇంటికి వెళ్లాడు. మాస్టారు వరండాలో పేపరు చదువుతున్నాడు. తెల్లగడ్డం ఎక్కడికక్కడ గడ్డిపోచల్లా పెరిగి ఉంది.

"పెట్టెతో వచ్చావేం?"

"గడ్డం పెరిగింది కదా మాస్టారూ."

"ఇంట్లో కూర్చుని గీయించుకోడానికి నేనేమన్నా మంచం పట్టానా?"

బాబాయ్ పెట్టెను కుర్చీ కిందికి తోశాడు. "వాడెవడో పాపాత్ముడు. ఇలా ఊరూరా తిప్పుతాడని నాకేం తెలుసు?"

"అడక్కుండా తీశాడా?"

"అడిగాడు."

"ఎవర్ని?"

"నన్ను."

"మరి మొహం ఎవరిది?"

మాస్టారు పేపరు మడిచాడు.

"అతను ఊరికి కొత్త. షాపు నీది కాబట్టి నిన్నే అడగాలనుకున్నాడు. నీకేమైందయ్యా? ముప్పై ఏళ్లు పోస్టుకార్డులు నా చేతుల మీదుగా పోయాయి. వాటికి కవరుండదు, రాసిందంతా పైకే కనిపిస్తుంది. ఒక్కటి చదవలేదు, ఎవర్నీ చదవనివ్వలేదు. కనిపిస్తోంది కదా అని అడిగినవాళ్లకల్లా చూపించెయ్యడమేనా?"

ఈలోపు కోడలు మంచినీళ్లు తెచ్చింది. మాట మారిపోయింది. బాబాయ్ పెట్టె తెరవకుండానే లేచి వచ్చాడు.

మర్నాడు గుమ్మానికి ఒక బోర్డు కట్టాడు, ఫొటోలు తీయరాదని. వచ్చినవాళ్లకు ఆ లిపి రాదు. అక్షరాలు ముద్దుగా ఉన్నాయని బోర్డును కూడా ఫొటో తీసుకున్నారు. తర్వాత తెర వేశాడు. షాపు మూసేశాడనుకుని పాత ఖాతాదార్లు కూడా వెనక్కి పోయారు. ఆ రాత్రి అన్నం తింటూ భార్యతో, "కుర్చీ తిప్పేస్తాను" అన్నాడు. ఆవిడ తలెత్తకుండా, "మా తమ్ముడు ఒప్పుకోడు" అంది.

తమ్ముడు ఒప్పుకోలేదు.

"కూర్చున్న కొమ్మ నరుక్కుంటావా బావా? జనం వచ్చేదే అద్దంలో మొహం చూడ్డానికి. కుర్చీ పక్కగోడకు తిప్పితే మొహానికి నువ్వే అడ్డం, ఇక వాళ్లకి కనిపించేదేంటి? నెత్తి. నెత్తి చూడ్డానికి ఎవడొస్తాడు?"

"నెత్తి చూసి బతకడమే కదరా నా పని."

"ఒక్క ముసలాయన కోసం ఇంత రాద్ధాంతమా? పోనీ ఆయనొచ్చినప్పుడు తలుపేసుకో."

"ఇవాళ ఆయన. రేపు ఇంకొకరు. వాళ్లు నా దగ్గర కళ్లు మూసుకునేది కత్తి నా చేతిలో ఉందనిరా. వీధిలో ఎవడున్నాడో చూసుకోవాల్సింది నేను."

"రెండో స్టవ్ సంగతి?"

"దానిమీద మా ఇంటికి కూర వండి పంపు."

తుప్పు పట్టిన బోల్టులు విప్పడానికి మెకానిక్కు అరపూట పట్టింది. కుర్చీని ఎత్తడానికి నలుగురు కావలసి వచ్చారు. అంతా అయిపోయేదాకా గొణుగుతూనే బావమరిది ఒక కాలు పట్టాడు. అద్దం దించేటప్పుడు ఒక మూల చిట్లింది. పక్కగోడకు వెలుతురు చాలక ట్యూబ్‌లైట్ పెట్టించాల్సి వచ్చింది. దాని నీడలకు కన్ను అలవాటు పడక, ఆ వారంలోనే బాబాయ్ ఒక గుమాస్తా గడ్డం కింద గాటు పెట్టాడు. ఇరవై ఏళ్లలో అది మొదటి గాటు. ఇప్పుడు వీధిలోంచి చూస్తే అడ్డంగా నిలబడ్డ బాబాయ్ వీపూ, కుర్చీ పక్కా, ఒక నెత్తీ, నేలమీద నాలుగు బోల్టు కన్నాలూ తప్ప ఏమీ కనిపించవు. వంతెన జనం ఆగడం తగ్గింది.

పదిరోజులకు మాస్టారు వీధికి అవతలి పక్కన నడుస్తూ కనిపించాడు. నిలబడి, చేత్తో ఎండకు నీడ పట్టి, షాపులోకి తేరిపార చూసి వెళ్లిపోయాడు. బాబాయ్ పిలవలేదు. మర్నాడు మాస్టారు తిన్నగా లోపలికి వచ్చి కుర్చీ ఎక్కి, పళ్లు తీసి గ్లాసులో వేశాడు.

"లైటు తెల్లగా ఉంది. తెగ్గొట్టవు కదా?"

"మీ అదృష్టం మాస్టారూ."

సగం గడ్డం అయ్యేసరికి గుమ్మంలో నీడ పడింది. వీపున సంచి, మెడలో కెమెరా ఉన్న పడుచు పిల్లాడు, ఊరికి కొత్త. కెమెరా మీద చెయ్యి వేసి, దాన్ని ఎత్తకుండా, బాబాయ్ వైపు చూసి కనుబొమలు ఎగరేశాడు. బాబాయ్ చెయ్యి సగం దాకా లేచి ఆగిపోయింది. కత్తి తుడుచుకుని కుర్చీలో ఉన్నాయన్ని చూపించాడు, ఆయన్ని అడగమన్నట్టు.

ఆ పిల్లాడు లోపలికి వచ్చి, మాస్టారికి కనిపించేలా అద్దం పక్కన నిలబడి, మళ్లీ అలాగే అడిగాడు. మాస్టారు నురగలోంచి అతన్ని కిందా మీదా చూశాడు.

"పళ్లు పెట్టుకున్నాక" అన్నాడు, పళ్లు లేని నోటితో.

ఆ మాట అతనికి అర్థం కాలేదు. బాబాయ్ గ్లాసు ఎత్తి చూపించి, బల్ల మీద కూర్చోమన్నాడు. పిల్లాడు కెమెరాను సంచిలో పెట్టేసి కూర్చున్నాడు. పాతిక నిమిషాలు. మధ్యలో బావమరిది టీ తెచ్చి ఇచ్చాడు.

గడ్డం అయ్యాక మాస్టారు పళ్లు కడిగి పెట్టుకుని, మీసం దువ్వించుకుని, చొక్కా పైగుండీ పెట్టుకున్నాడు. లేచి గుమ్మంలో వెలుతురుకు ఎదురుగా నిలబడి, రమ్మన్నట్టు తలూపాడు. కత్తి పట్టుకుని బాబాయ్ అలవాటుగా పక్కన చేరాడు.

"నువ్వు జరుగు" అన్నాడు మాస్టారు. "అడిగింది నన్ను."