వేలిముద్ర పడని చేతులు

మూడేళ్ల కిందట రాజపాళయంలో ఒక చిన్న క్లినిక్ మీద నేను తప్పు రిపోర్టు రాసినాను. మిల్లుల వీధిలో ఊరివాళ్లు కలిసి పెట్టుకున్న క్లినిక్ అది. ప్రభుత్వ ఇన్సూరెన్స్‌లో ఫీల్డ్ వెరిఫికేషన్ నా పని. బిల్లులో ఉన్న రోగి నిజంగా ఉన్నాడా అని పోయి చూడాలి. ఆ రోజు నేను పోలేదు. ఆఫీసులో కూర్చొనే రాసినాను.

అక్కడ డయాలసిస్ చేయించుకునే చాలామందికి బయోమెట్రిక్, అంటే వేలిముద్ర, సరిపోలేదు. 'దొంగ రోగులు కావచ్చు, క్లినిక్‌ను ఇన్సూరెన్స్ లిస్టులోనుంచి తీసేయవచ్చు' అన్నాను. తీసేస్తే వాళ్లు వారానికి మూడుసార్లు మదురై బస్సెక్కాలి.

నేరుగా చూసి రమ్మని పై ఆఫీసు పంపితే పోయినాను.

"రండి సార్, దొంగల్ని చూసేదానికి వచ్చినారా?" అంది నర్సు సరస్వతక్క. "అందరూ పడుకొనే ఉండారు, పారిపోరు."

మొదటి మంచంలో రామలక్ష్మక్క. స్పిన్నింగ్ మిల్లులో తెగిన నూలు ముడివేస్తూ వయసంతా గడిపిన మనిషి.

"నేను నేను కాదని రాసినారంట. మరి నేనెవరు సార్?" అని చెయ్యి చాపింది. వేలికొనలు గాజు మాదిరి నునుపు. నూలు రాపిడికి ఒక్క గీత మిగల్లేదు.

మా అమ్మదీ మిల్లు చెయ్యే. రేషన్ అంగడి మిషన్ ఆమె వేలును ఒప్పుకోదు. తెలిసి కూడా నాకు తోచలేదు. ఆ మాట రామలక్ష్మక్కకు చెప్పి తల వంచుకున్నాను.

సరస్వతక్క నా వేలు పట్టి రామలక్ష్మక్క ముంజేతి మీద పెట్టింది. డయాలసిస్ సూది కోసం రక్తనాళాలను కలిపి కుట్టిన చోటు, ఫిస్టులా అంటారు. చర్మం కింద రక్తం జుమ్మని తిరుగుతోంది, కదురు మీద చెయ్యి పెట్టినట్టు.

"ఇది తాకి ఎవరో చెప్పేస్తాను" అని సరస్వతక్క కళ్లకు గుడ్డ కట్టుకుంది. ఇష్టమొచ్చిన మంచానికి నన్నే నడిపించమంది.

"ఇది సేత్తూరు మాణిక్కం. ఇది తళవాయిపురం అత్త, నిన్న నీళ్లు ఎక్కువ తాగింది."

"నీళ్లు కాదే, కాఫీ!" అంది అత్త.

ఆరు మంచాలు. ఒక్క పేరూ తప్పలేదు. మా మిషన్‌కు అందని మనుషులు ఆమె వేలికి అందినారు.

ఆ సాయంత్రమే, చూడకుండా రాసినానని నా పేరుతో ఒప్పుకొని పంపినాను. మెమో వచ్చింది, న్యాయమే. కన్ను చూసి గుర్తుపట్టే మిషన్ కోసం నెలరోజులు ఆఫీసులు తిరిగి, నేనే మోసుకొచ్చినాను. క్లినిక్ లిస్టులో నిలిచింది.

మొదట రామలక్ష్మక్క ఆ మిషన్‌లోకి చూసింది. పచ్చలైటు వెలిగింది.

"ఇప్పుడు నేను నేనేనా?"

"మీరే అక్కా. మన్నించండి."

"సరేలే తమ్ముడూ. రేషన్ అంగడికి కూడా ఒకటి అడుగు, మీ అమ్మ నిలబడి ఉంటుంది."

ఆ అర్జీ కూడా రాసినాను. ఈసారి అంగడికి పోయి, వరుసలో ఉన్న ప్రతి చేతినీ చూసి రాసినాను.