ఏసోబు మామ చేసిన ప్రమాణం

మా మేనమామ ఏసోబు ఇల్లరికపు అల్లుడు. గురజాల దగ్గర మా ఊరి నుంచి కృష్ణ దాటి, నైజాం రాజ్యంలో మిర్యాలగూడ పక్క పల్లెకు, రూతమ్మత్త ఇంటికి వెళ్లాడు. ఆ ఊసు ఎవరైనా ఎత్తితే చాలు, "నేను తిరిగి పోయేవాణ్ణే! మా ఊళ్లో నాకు చేనుంది," అని ఎగిరిపడేవాడు. ఏటా జొన్న కోతలకు వచ్చి, వెళ్లేటప్పుడు మొహం వేలాడేసుకునేవాడు.

వాళ్లకు ఒక్కతే కూతురు, ప్రేమకుమారి. మిషను బళ్లో చదివింది. పంతొమ్మిది వందల నలభై ఒకటిలో సర్కారు బళ్లో పంతులమ్మ కొలువుకు వెళ్లింది. అక్కడ కొలువులు ముల్కీలకే, అంటే నైజాం మనుషులకే. ఇల్లరికపు బిడ్డ తల్లి ఇంటిదే కదా అని అందరూ ధీమాగా ఉన్నారు. ఊరంతా ఆమెను రూతమ్మ కూతురనే పిలుస్తుంది మరి! కచేరీ గుమాస్తా మాత్రం, "తల్లి సంగతి నాకెందుకు? తండ్రి ఇంగ్రేజీ రాజ్యపోడు. బిడ్డ గూడ గంతే," అనేశాడు. అక్కడే పుట్టి పెరిగిన పిల్ల పరాయిదట! తలుచుకుంటే నాకిప్పటికీ ఒళ్లు మండుతుంది.

దారి ఒక్కటే ఉంది. మామ అక్కడ పదిహేనేళ్లకు పైగా ఉన్నాడు కాబట్టి, మేజిస్ట్రేటు ముందు ప్రమాణం చేస్తే ముల్కీ అవుతాడు, కూతురూ అవుతుంది. సొంతూరికి తిరిగి పోవాలన్న ఆలోచన పూర్తిగా మానుకున్నానని చెప్పాలి.

మామ మా ఇంటికొచ్చి అన్నం ముట్టలేదు. "అక్కా, ఆ మాట ఎట్టా అనేది? అబద్ధమాడితే దేవుడొప్పడు. నిజంగా అనాలంటే నా మనసొప్పదు."

"బిడ్డ బతుకురా ఏసోబూ! ఇంకేం ఆలోచించమాక, అనేసిరా పో," అని కసిరింది మా అమ్మ రాహేలు. కసిరిందే గానీ కొంగుతో కళ్లు తుడుచుకుంటూనే ఉంది.

బైబిలు మీద చెయ్యిపెట్టి అనేశాడు. ప్రేమకుమారికి కొలువొచ్చింది. మామ మళ్లీ చేను ఊసెత్తలేదు, కోతలకూ రాలేదు. ఇల్లరికమని ఎగతాళి చేసేవాళ్లకు బదులు చెప్పడమే మానేశాడు.

నలభై ఆరులో ఆయనకు జబ్బు చేసిందని కబురొస్తే, అమ్మా నేనూ ఏరు దాటి వెళ్లాం. ఇక లేవడని చూడగానే తెలిసింది. నా చెయ్యి పట్టుకుని, "నన్ను తీసకపోండిరా, మా అయ్య సమాధి పక్కన పెట్టండి," అన్నాడు. అమ్మ వెంటనే బండి కట్టించింది.

ప్రేమకుమారి వాకిట్లో అడ్డం నిలబడింది. "వద్దత్తా! తిరిగిపోయిండని తెలిస్తే ఒట్టు అబద్ధమంటరు. నా కొలువు పోతది," అని వెక్కివెక్కి ఏడ్చింది.

"ఏమే, కన్నతండ్రి కంటే కొలువెక్కువైందా నీకు?" అంటూ అమ్మ ఆమె మీదికి వెళ్లింది.

లోపల మంచం మీద నుంచి మామ అంతా విన్నాడు.

"బండి విప్పండిరా. నేనిక్కడోణ్ణే," అన్నాడు.