జిరాక్సన్న సొంత ఆట

ఇంకొకడిలా నటిస్తూ తన్నులు తినడం కూడా ఒక ఉద్యోగమేనంటే మీరు నన్ను ఎగాదిగా చూస్తారు. చూడండి, నాకేం. ఆ ఉద్యోగం ఉంది, దాన్ని ఏళ్ళ తరబడి చేసిన మనిషీ ఉన్నాడు. అందరూ అతన్ని జిరాక్సన్న అంటారు. కోపం వచ్చినప్పుడు కట్టుకున్న భార్య కూడా అదే పేరు వాడుతుంది.

పని ఇదీ. హెవీవెయిట్ బాక్సింగ్ చాంపియన్‌తో తలపడబోయేది ఎవరో తేలగానే, ఆ మనిషి పాత పోటీల వీడియోలన్నీ కోచ్ తెచ్చి ఇతని ముందు పడేస్తాడు. జిరాక్సన్న వాటిని కళ్ళార్పకుండా చూసి, ఆ మనిషే తానై రింగులోకి దిగుతాడు. అవతలివాడిది ఎడంచేతి వాటమైతే ఇతనూ ఎడంచేత్తోనే కొడతాడు. వాడు వంగి దూసుకొచ్చే రకమైతే ఇతనూ వంగుతాడు. చాంపియన్ ఈ నకలు మనిషిని చితకబాది, లోటుపాట్లు కనిపెట్టి, అసలు రోజున అసలు మనిషిని పడగొడతాడు. ఒక్కసారి కూడా గురి తప్పలేదు. చాంపియన్‌కి ఓటమి అంటే ఏమిటో తెలియదు.

జిరాక్సన్నకు బాగా తెలుసు. పోటీ రోజున ముందు వరసలో కూర్చుని చూస్తుంటే, అక్కడ దెబ్బ పడిన ప్రతిసారీ ఇతని డొక్క ఎగిరిపడేది. నెలల తరబడి తాను మోసిన మనిషి అలా కుప్పకూలిపోతుంటే ప్రాణం ఉసూరుమనేది. హాలంతా ఈలలు వేసి గంతులేస్తుంటే ఇతనొక్కడే సొంతవాళ్ళకు ఏదో అయినట్టు మొహం వేలాడేసుకుని ఇంటికి వచ్చేవాడు.

కుర్రతనంలో ఫర్నిచర్ గోడౌన్లో బీరువాలు మోసేవాడు. బాక్సరవుదామనే కోచ్ నడిపే శిక్షణ హాలుకు వచ్చాడు. గెలిచినన్ని ఓడాడు, అంతకుమించి చెప్పుకోవడానికేమీ లేదు. ఒకరోజు తోటివాళ్ళను నవ్వించడానికి కోచ్ నడకను, ఆయన ముక్కు చీదడంతో సహా చేసి చూపిస్తుంటే, వెనకాల కోచే నిలబడి ఉన్నాడు. అందరూ తలో దిక్కుకూ జారుకున్నారు. కోచ్ తిట్టలేదు. "నీకు తగ్గ పని ఒకటుందిరా, పొద్దున్నే రా" అన్నాడు. అంతే, ఇతని బతుకు అక్కడ ఖాయమైంది.

ఇంట్లో ఆవిడ పాట్లు ఆవిడవి. మేడ మీద కాపురం, కింద వాటాలో ఆవిడ బ్యూటీ పార్లర్. తిప్పుడు కుర్చీలు, గోడంత అద్దం, దువ్వెనలు నానబెట్టిన గిన్నె. కొత్త పోటీ ఖరారైందంటే ఆవిడకు కొత్త మొగుడు వచ్చినట్టే. ఒకాయన పళ్ళు కొరుకుతూ ఉంటాడు, ఇంకొకాయన కూర్చున్నచోట కాలు ఊపుతాడు. మెత్తగా అడుగులేసే ఒక ప్రత్యర్థి అంటే మాత్రం ఆవిడకు ప్రత్యేకమైన అభిమానం. ఆయన ఉన్నన్నాళ్ళూ ఇంట్లో గిన్నె కూడా చప్పుడు కాలేదట.

ఇలా సాగిపోతుండగా చాంపియన్ రిటైరవుతున్నానని ప్రకటించాడు. చాంపియన్ బెల్టు తిరిగి ఇచ్చేశాడు. ఆ తర్వాత జిరాక్సన్న భుజం మీద చెయ్యి వేసి కోచ్ గదిలోకి తీసుకువెళ్ళాడు.

"కోచ్ గారూ, మీ మోకాళ్ళు ఇక సాయం చెయ్యవు. ఈ హాలు అన్న చేతుల్లో పెడదాం. కొత్తగా వచ్చేవాళ్ళకు అన్నే నేర్పుతాడు."

కోచ్ మోకాలికి తైలం రాసుకుంటున్నవాడు తల ఎత్తాడు. మొహమాటం అనేది ఆయన ఇంటా వంటా లేదు. "వీడేం నేర్పుతాడు? వీడికి వచ్చినవన్నీ నీ చేతిలో ఓడిపోయినవాళ్ళ ఆటలే కదా. సొంతంగా ఒక గుద్దైనా ఉందా వీడికి?"

జిరాక్సన్న కూడా తల ఊపాడు. అందులో అబద్ధమేముంది?

"అయితే నా వీడ్కోలుకి ఇక్కడే మూడు రౌండ్లు ఆడతాం" అన్నాడు చాంపియన్. "అన్నా, ఈసారి ఎవరిలాగానూ రాకు. నీలాగా రా. కోచ్ గారు చూసి చెబుతారు."

ఆ వారమంతా పార్లర్ మూసేశాక జిరాక్సన్న అద్దం ముందు నిలబడి గాలిని గుద్దాడు. ఆవిడ నేల మీది వెంట్రుకలు ఊడుస్తూ, తల ఎత్తకుండానే ఒక్కొక్కటీ పట్టేసింది.

"అది ఆ పొడుగాయనది."

ఇతను చెయ్యి మార్చాడు.

"అది కాలు ఊపే ఆయనది. ఇంతమంది మగాళ్ళతో కాపురం చేయించారు, మీరెలా ఉంటారో మాత్రం నాకు చూపించలేదు."

ఆవిడ నవ్వింది కానీ ఇతను నవ్వలేదు. తిప్పుడు కుర్చీలో కూలబడ్డాడు. "నాకా హాలు కావాలి. వేరే పని నాకు చేతకాదు, వేరే చోట ఉండనూ లేను. నిజంగా నాకంటూ ఏమీ లేకపోతే ఎలా?"

ఆవిడ చీపురు గోడకు ఆనించి, అతని వెనక నిలబడి మెడ నరాలు పిసకడం మొదలుపెట్టింది. పొద్దస్తమానం పదిమంది తలలు పట్టిన చేతులవి. "లేకపోతే పోనివ్వండి. వెతుక్కుంటూ మాత్రం కొట్టకండి. చేతులు ఎటు పోతే అటు పోనివ్వండి" అంది.

చెప్పినంత తేలికా అది?

వీడ్కోలు ఆట రోజు హాల్లో మడతకుర్చీలు చాలక కిటికీలు కూడా ఎక్కారు జనం. గంట కొట్టారు. జిరాక్సన్న భయంతో పాత చుట్టాలందరినీ పిలుచుకున్నాడు. ఎడంచేతి వాటం వాడిలా రెండు వేశాడు. చాంపియన్ నవ్వి, అప్పట్లో వాడికి ఏ చోట తగిలించాడో సరిగ్గా అక్కడే తగిలించాడు. పొడుగాయనలా దూరం జరిగితే అక్కడా కాచుకుని ఉన్నాడు. రెండో రౌండులో ఎవరినీ పిలవకుండా ఉండాలని పంతం పట్టి, ఏం చెయ్యాలో తోచక, గుడ్లు మిటకరించి నిలబడి ఒళ్ళు హూనం చేసుకున్నాడు. మూలకు వచ్చి స్టూలు మీద కూర్చుంటే కోచ్ నోట్లో నీళ్ళు పోసి, తన మెడలో వేలాడే హాలు తాళంచెవిని చొక్కా లోపలికి తోసుకున్నాడు. అది దెబ్బల కంటే ఎక్కువ నొప్పి పెట్టింది. హాలు పోయినట్టే అనుకున్నాడు.

ఆశ వదిలేసుకున్నాడు కాబట్టి మూడో రౌండుకు తేలిగ్గా లేచాడు. ఆయాసంతో బుర్ర పనిచేయడం మానేసింది. ఎడమ చెయ్యి దానంతటదే వెళ్ళి చాంపియన్ ఛాతీ మీద చిన్నగా తగిలింది. మొహం మీద కాదు, ఛాతీ మీద. మళ్ళీ తగిలింది. విసుగు పుట్టించేటంత చిన్న దెబ్బ, ఊపిరి సగంలో ఉండగా సరిగ్గా చూసి పడుతోంది. చాంపియన్ కుడి వైపుకు జరిగితే ఇతను ముందే అక్కడున్నాడు. ముందుకు వస్తే అరడుగు వెనక్కి వేసి, ఏమీ తోచనివాడిలా ఆగి, తర్వాత కుడి చెయ్యి వదిలాడు. చాంపియన్ వెనక్కి తూలి తాళ్ళ మీద పడ్డాడు.

ముందు జనానికి అర్థమైంది. కిటికీలో ఎవరో "అరె, అది..." అని ఆగిపోయారు. కోచ్ ఆ మోకాళ్ళతోనే లేచి నిలబడ్డాడు. చాంపియన్ మాత్రం ఎదుటి మనిషిని పోల్చుకోలేక, ఎటు వెళ్ళాలో తెలియక తడబడుతూనే ఉన్నాడు. గంట మోగాక కూడా గ్లవ్స్ దించలేదు.

"అన్నా, అది ఎవరి ఆట?"

"నాదేనేమో తమ్ముడూ" అన్నాడు జిరాక్సన్న. మొహం వెలిగిపోతోంది.

చాంపియన్ తల అడ్డంగా ఊపాడు. "కాదన్నా. అది నాది."

జిరాక్సన్నకు అప్పుడర్థమైంది. ఎవరూ అడగనిది, తాను ఎన్నడూ సాధన చెయ్యనిది, ఇన్నేళ్ళూ ఎదురుగా నిలబడి తిన్న దెబ్బలతోనే ఒంట్లోకి వచ్చి చేరింది. ఆఖరికి ఇదీ నకలే. తల దించుకుని, పళ్ళతో గ్లవ్స్ ముడి లాగడం మొదలుపెట్టాడు.

చాంపియన్ తన గ్లవ్స్ తీసి పక్కన పడేసి, ఆ ముడి తనే విప్పాడు. "నాకెదురుగా నిలబడితే ఇలా ఉంటుందా? ఊపిరాడనివ్వలేదు కదన్నా. నేను ఆడిన ఆట ఎలా ఉంటుందో నాకు ఇవాళే తెలిసింది. నాతోనే పోతుందనుకున్నాను."

కోచ్ తాళ్ళు పట్టుకుని పైకి వచ్చాడు. మెడలోని తాడు తీసి, దానికి వేలాడుతున్న హాలు తాళంచెవి జిరాక్సన్న చేతిలో పెట్టాడు. "పొద్దున కొత్తవాళ్ళు వస్తారు. ముందు ఆ ఎడంచెయ్యి నేర్పు" అన్నాడు. అని, ముక్కు చీదాడు.

జిరాక్సన్న ఏడ్చాడు. అంతమంది ముందు, దాచుకోవాలని కూడా అనిపించలేదు. ముందు వరసలో ఆవిడ కూడా పమిటతో కళ్ళు ఒత్తుకుంటూ పక్కావిడకు ఏదో చెప్పి నవ్వుతోంది.

జనం కిందికి దిగుతున్నారు. మడతకుర్చీలు మూస్తున్న చప్పుడు మొదలైంది. చాంపియన్ మాత్రం ఇంకా రింగు మధ్యలోనే ఉన్నాడు. పడేసిన గ్లవ్స్ మళ్ళీ చేతిలోకి తీసుకున్నాడు.

"అన్నా, ఇంకొక్క రౌండు. వాడిని, అదే నన్నే, ఎలా కొట్టాలో ఇప్పుడే తట్టింది."

"వద్దు తమ్ముడూ" అన్నాడు జిరాక్సన్న, అతని చేతిలోంచి గ్లవ్స్ మెల్లగా తీసుకుంటూ. "నువ్వు రిటైరయ్యావు. పొద్దున్నే నాకు క్లాసుంది."